క్యాన్సర్ భయానికి గర్భసంచి బలి

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతంలోని మాల, మాదిగ పల్లెల్లో కూలికి పోయే మహిళకు తెల్లబట్ట, నడుంనొప్పి, అధిక రక్తస్రావం వస్తే ఎక్కడికి వెళ్లాలి? ఒంగోలు పెద్దాసుపత్రికి పోవాలంటే ఆ రోజు కూలి పోతుంది, బస్సు ఖర్చు మీద పడుతుంది. అందుకే దగ్గర్లో ఉన్న ప్రైవేటు ఆస్పత్రే దిక్కవుతుంది. అక్కడ ‘తీసేయకపోతే క్యాన్సర్ అవుతుంది’ అన్న ఒక్క మాట చాలు, అప్పు చేసైనా ఆపరేషన్‌కు ఒప్పుకుంటుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం. రాష్ట్రాల్లో ఇదే అత్యధికం. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద ఈ ఆపరేషన్లు పెరిగాయన్న విమర్శలు రావడంతో, పథకంలో వాటిని ప్రభుత్వ ఆస్పత్రులకే పరిమితం చేశారు. సొంత డబ్బుతో చేయించుకునే వాటికి ఆ అడ్డు లేదు.

తెల్లబట్టకు చాలాసార్లు ఇన్ఫెక్షనే కారణం, మందులతో తగ్గుతుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఏళ్ల తరబడి నెమ్మదిగా ముదురుతుంది. 30 ఏళ్లు దాటిన వారికి ఐదేళ్లకోసారి వెనిగర్ లాంటి ద్రావణంతో చేసే చవకైన పరీక్షలో ముందే బయటపడుతుంది. నిజంగా క్యాన్సరే ఉంటే పరీక్ష లేకుండా చేసే మామూలు ఆపరేషన్ సరిపోదు, పైగా తర్వాతి చికిత్స చిక్కవుతుంది. అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై ఐదేళ్లకే ముట్లు ఆగి ఎముకలు, గుండె దెబ్బతింటాయి. కాయకష్టం మీద బతికే మనిషికి అది జీవనాధారం పోవడమే. అయితే ముట్లు ఆగాక రక్తం కనిపించినా, కలయిక తర్వాత కనిపించినా ఆలస్యం చేయకుండా పరీక్ష చేయించుకోవాలి.

బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో ఇలాంటి ఆపరేషన్లపై 2013లో దాఖలైన పిటిషన్‌లో, బాధితుల్లో ఎక్కువమంది దళిత, ఆదివాసీ, వెనుకబడిన వర్గాల మహిళలేనని ఉంది. కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలను ఆదేశించింది. వాటి ప్రకారం జిల్లా స్థాయిలో పర్యవేక్షణ కమిటీ ఉండాలి.

మన జిల్లా కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది? 40 ఏళ్లలోపు ఎంతమందికి, ఏ కారణంతో, ఏ కులాల వారికి ఆపరేషన్లు జరిగాయి? ఆ లెక్క బయటపెట్టాలి. ప్రతి పీహెచ్‌సీలో పరీక్ష జరగాలి. 2025లో పీపీపీ పద్ధతికి ఆమోదించిన వైద్య కళాశాలల్లో మార్కాపురం కూడా ఉంది. ప్రభుత్వ వైద్యం దూరమైన కొద్దీ ఈ కోతలకు గిరాకీ పెరుగుతుంది. పరీక్ష కాగితం చూడకుండా కత్తి పట్టొద్దని అడగడం మన ఆడవాళ్ల హక్కు.