దలాల్ కలానికి నియ్యత్ ఏది?

అమీర్‌పేటలో ఫ్లాట్లు అమ్మిపెట్టే, కిరాయికి ఇప్పించే దోస్త్ ఒకడున్నాడు నాకు. రెండేళ్లుగా వారానికో ముక్క రాస్తున్నాడు కూడా. మెట్రో ఎంత దూరం, గజం రేటు ఎంత పెరిగింది, గుమ్మం ఏ దిక్కు... ఇవే. వాట్సాప్‌లో అందరికీ పంపేముందు తెలుగు దిద్దమని నాకిస్తాడు. (ఉర్దూ మీడియంలో చదివినోడితో తెలుగు దిద్దించుకోవడం! ఏం జమానా వచ్చింది.) మొన్న పంజగుట్టలో చాయ్ తాగుతుంటే, "ఇక బంద్ చేస్తా భాయ్. రాస్తే ఒక్క ఫోన్ వస్తలేదు. ఫాయిదా ఏంది?" అన్నాడు.

ఫాయిదా సంగతి తర్వాత. నా షికాయత్ వేరే. ఏ బిల్డింగ్‌లో ఎనిమిది ఫ్లాట్లకి ఐదు కార్ల జాగానే ఉందో, ఎక్కడ మే నెలలో బోరు ఎండి ట్యాంకరే దిక్కవుతుందో, ఎవరు మంజూరైన ప్లాన్ మీద ఇంకో అంతస్తు లేపారో, చాయ్ దగ్గర అన్నీ చెప్తాడు. రాతలోకి వచ్చేసరికి అవే ఇళ్లు "ప్రైమ్ లొకేషన్".

రెరా ఉంది కదా అంటారు. ఉంది, 2016 చట్టం. రిజిస్టర్ కాని ప్రాజెక్టుని ప్రచారం చేయొద్దంటుంది, ఏజెంట్ కూడా రిజిస్టర్ కావాలంటుంది. కానీ 500 చదరపు మీటర్లు మించని జాగాలో, ఎనిమిది ఫ్లాట్లు దాటకుండా కట్టే బిల్డింగ్‌కి ఆ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 500 చదరపు మీటర్లంటే దాదాపు 598 గజాలు. అమీర్‌పేట గల్లీల్లో పాత మకాన్ పడగొట్టి రెండొందల గజాల్లో లేపేవి ఈ లెక్కలోకే వస్తాయి. కొనేవాడు రెరా వెబ్‌సైట్‌లో వెతికినా ఏమీ దొరకదు. ఈసీ తీయిస్తే ఆస్తి ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తెలుస్తుంది గానీ బోరు సంగతి తెలీదు. ఇక మిగిలింది దలాల్ జబాన్ ఒక్కటే. జిందగీ అంతా కూడబెట్టింది తెచ్చి దాని మీదే పెడతాడు పాపం. మాల్‌లో ఐబ్ ఉంటే చెప్పి అమ్మమన్నది మనం చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే. కాగితం మీద మాత్రం మర్చిపోతాం.

ఇంకోటి, ఇది నా మీదకే వచ్చింది. పోయినేడు పంజగుట్టలో కిరాయి ఇల్లు వెతుకుతున్నాను. వాడే ఫోన్ చేసి, "అక్కడికి పోకు భాయ్, ఆ ఓనర్ మనోళ్లకి ఇవ్వడు" అన్నాడు. నా ఇజ్జత్ కాపాడాడు, షుక్రియా. కానీ ఆ ఇంటికి వాడు రాసిన ప్రకటన నేనే దిద్దాను: "మంచి ఫ్యామిలీకి మాత్రమే". మనది మంచి ఫ్యామిలీ కాదా అని అడిగితే నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకి ఇప్పటికీ షరమ్‌గానే ఉంది.

అందుకే బంద్ చేయొద్దన్నాను. ఫోన్ల కోసం రాస్తే ఫోన్లు రానప్పుడు ఆగిపోతావు. కొనేవాడి కోసం రాయి, ఈ గల్లీల్లో నీకు తెలిసింది ఇంకెవరికి తెలుసు అన్నాను.

"కమీషన్ పోతే?"

పోతుంది. కొందరు ఓనర్లు మళ్లీ తాళంచెవి ఇవ్వరు. వాడికి ఇద్దరు పిల్లల ఫీజులున్నాయి, నాకు తెలుసు. అన్నీ ఒకేసారి రాయమని నేనూ అనలేదు.

నిన్న రాత్రి ఒకటి పంపాడు. నాలుగే లైన్లు, బోరు గురించి. ఓనర్ పేరు లేదు, గల్లీ పేరుంది. మూడు అచ్చు తప్పులున్నాయి. దిద్ది పంపాను.