పచ్చిక కోర్టుకు మరికొన్ని వారములు

లాన్ టెన్నిసు అను పేరులో లాన్ అనగా పచ్చిక. నేడు ఆ పచ్చిక చాలవరకు పేరులోనే మిగిలినది. 1974 వరకు నాలుగు మహాపోటీలలో మూడు పచ్చికపైననే జరుగుచుండెడివి. అమెరికా పోటీ 1975లో మట్టికోర్టునకును, 1978లో గట్టికోర్టునకును మారినది. ఆస్ట్రేలియా 1988లో పచ్చికను విడిచినది. 1877లో ఆరంభమైన వింబుల్డన్ ఒక్కటియే దానిని వదలలేదు.

తెల్లవారుజామున కె.కోటపాడు పొలముగట్లపై మంచుకు తడిసిన గరికమీద పరుగెత్తిన బాలునకు పచ్చిక స్వభావము వేరుగా చెప్పనక్కరలేదు. అది కాలిని జార్చును. దానిపై పడిన బంతి ఎత్తుగా లేవక, నేలబారుగా దూసికొనిపోవును. పారిసులోని మట్టిపై బంతి నెమ్మదించి పైకి లేచును. కనుక అచ్చట ఆడి వచ్చినవాడు మోకాళ్లు వంచుటయు, అడుగులు చిన్నవిగా వేయుటయు మరల నేర్వవలెను. ఇందులకు 2014 వరకు రెండు వారములే గడువుండెడిది. 2015 నుండి మూడు వారములైనది. పారిసులో త్వరగా ఓడినవానికే అభ్యాసమునకు ఎక్కువ దినములు దొరకుట ఒక వింత!

ఈ మార్పు మేలే కాని చాలదు. పురుషులకు వేయి పాయింట్లనిచ్చు పోటీలు తొమ్మిది యుండగా పచ్చికపై ఒక్కటియు లేదు. వింబుల్డన్ పిదప అమెరికాలోని న్యూపోర్టులో జరుగు పోటీకి 2025లో స్థాయి తగ్గినది. మన విజయ్ అమృతరాజ్ 1976, 1980, 1984లలోను, లియాండర్ పేస్ 1998లోను గెలిచిన పోటీ అదియే.

పచ్చిక మనకు పరాయిది కాదు. రామనాథన్ కృష్ణన్ 1960, 1961లలో వింబుల్డన్ సెమీఫైనలు వరకు వెళ్లెను. హైదరాబాదు బాలిక సానియా మీర్జా 2003లో అచ్చట బాలికల డబుల్సును, 2015లో మార్టినా హింగిస్‌తో కలిసి మహిళల డబుల్సును గెలిచెను. డేవిస్ కప్పు పోటీలకు మనవారు 2019లో కోల్‌కతా పచ్చికను, 2022లో ఢిల్లీ పచ్చికను ఎన్నుకొనిరి. ఇటలీ చేతిలో ఓడి, డెన్మార్కుపై గెలిచిరి.

పచ్చికను పెంచుట కష్టమని కొందరందురు. ఆ మాట నిజమే. వింబుల్డన్‌లో గడ్డిని 8 మిల్లీమీటర్ల ఎత్తున కత్తిరించుదురు. అంత శ్రద్ధ చేసినను రెండవవారమునకు ఆటగాండ్రు నిలుచు గీతలవద్ద నేల బోడియగును. అయితే కాలమును పెంచుటయనగా అవే కోర్టులను మరికొన్ని వారములు తొక్కించుట కాదు. ఇంగ్లండులో చలి కొరుకు ఫిబ్రవరి, మార్చి నెలలలో మన ఉత్తరదేశపు పచ్చిక ఆటకు అనువుగా నుండును. గట్టికోర్టులకు అన్ని నెలలిచ్చు నిర్వాహకులు ఇచ్చటి పచ్చికకు రెండు వారములిచ్చినచో, మన పిల్లలు ఆ ఆటను సముద్రము దాటకయే నేర్వగలరు. నీటికిని, తోటమాలుల కూలికిని ధనము కావలసియుండును. పోటీ ఖాయమైననే ఆ ధనము పెట్టువారు ముందునకు వత్తురు.