మన యాస ఫోనుకు ఎవరు నేర్పుతారు?

తెలుగు సాఫ్ట్‌వేర్‌లో ఈ మధ్య వస్తున్న వార్తల్లో ఎక్కువ భాగం మాటకు సంబంధించినవే. కీబోర్డు సంగతి ఎప్పుడో ఒక కొలిక్కి వచ్చింది. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉన్నా, ఒక్కో పత్రిక ఒక్కో ఫాంటు పెట్టుకున్న రోజులు చాలాకాలం నడిచాయి. ఒకరి తెలుగు ఇంకొకరి కంప్యూటర్లో పిచ్చిగీతల్లా కనబడేది. ఆ బాధ తీరింది. ఇప్పుడు పోటీ అంతా మనం మాట్లాడింది విని రాసిపెట్టే, అనువదించే సాఫ్ట్‌వేర్ మీదే.

దీని అవసరం రెండు తెలుగు రాష్ట్రాల వాళ్లకంటే మనకే ఎక్కువ. తమిళనాడులో 2006 నాటి నిర్బంధ తమిళ చట్టం తర్వాత బడిలో తెలుగు చదవడం ఎంత కష్టమైందో హోసూరు వాళ్లకు చెప్పనక్కర్లేదు. సోలాపూరులో, బరంపురంలో కూడా చాలా ఇళ్లలో ఇదే తీరు: ఇంట్లో తెలుగు, బడిలో వేరే భాష. పిల్లలకు మాట వచ్చు, రాత రాదు. అలాంటి పిల్లవాడు అమ్మమ్మకు తెలుగులో నాలుగు ముక్కలు పంపాలంటే నోటితో చెప్పి ఫోనుతో రాయించుకోవడమే దారి.

మరి ఆ ఫోను ఎవరి తెలుగు నేర్చుకుంటోంది? వేల గంటల మాటల రికార్డులు, వాటి పక్కనే ఆ మాటల రాత, ఈ రెండూ కలిపి ఇస్తేనే సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటుంది. ఎన్నడూ వినని యాస ఎదురైతే, తనకు తెలిసిన మాటల్లో దగ్గరిదాన్ని పట్టుకుని రాసేస్తుంది. 'వస్తా ఉండాను' అనే మనిషి, మధ్యలో రెండు కన్నడ మాటలో మరాఠీ మాటలో దొర్లించే మనిషి, దానికి కొత్తవాడే.

కేంద్రం 2022లో ప్రారంభించిన భాషిణికి 'భాషాదాన్' అనే విభాగం ఉంది. ఎవరైనా తమ గొంతు ఇవ్వొచ్చు. మంచి పనే. కానీ అందులోని 'బోలో ఇండియా'లో తెర మీద కనబడే వాక్యాన్ని చదివి వినిపించాలి. చదవడం రాని మన పిల్లలు అక్కడే ఆగిపోతారు. చదవగలిగిన పెద్దలైనా చదివేది పుస్తకాల తెలుగే. ఇంట్లో మాట్లాడే తెలుగు అందులోకి రాదు. మనం రెండు విధాలా తప్పిపోతున్నాం.

ఇందుకు భిన్నమైన పద్ధతి బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, గూగుల్ కలిసి చేస్తున్న 'వాణి'. దేశంలోని 773 జిల్లాల్లో లక్షన్నర గంటలకు పైగా మాటలు సేకరించాలన్నది దాని లక్ష్యం. ఒక బొమ్మ చూపించి అందులో ఏముందో చెప్పమంటారు. అక్షరం రాకపోయినా ఫర్వాలేదు. ఇంతకంటే ముఖ్యమైన సంగతి, ఇది భాషను బట్టి కాక జిల్లాను బట్టి సాగుతుంది. 'తెలుగు ఎక్కడ మాట్లాడతారు?' అని మొదలుపెడితే సహజంగానే ఆంధ్ర, తెలంగాణ జిల్లాలు ముందు గుర్తొస్తాయి. 'కోలారులో ఏమేం మాట్లాడతారు?' అని అడిగితే మన ఇల్లూ కనబడే అవకాశం ఉంది. పుదుచ్చేరి కింద ఉన్న యానాం కూడా ఒక జిల్లాయే కదా.

అవకాశం అనే అంటున్నాం, హామీ అనడం లేదు. జిల్లాకు వచ్చిన సేకర్తలు అక్కడి పెద్ద భాషతో సరిపెట్టుకుంటే మళ్లీ మన లెక్క మాయమే. 2011 జనగణనలో తెలుగు మాతృభాష అన్నవాళ్లు తమిళనాడులో 42 లక్షలు, కర్ణాటకలో 35 లక్షలు, మహారాష్ట్రలో 13 లక్షల పైమాటే. జనం తక్కువై కాదు, అడిగినప్పుడు చెప్పకపోవడం వల్లే ఇలాంటి చోట్ల వెనకబడుతున్నాం. బయట మాట్లాడే భాషనే మాతృభాషగా రాయించేసే అలవాటు మనలో చాలామందికి ఉంది.

తెలుగు వికీపీడియాదీ ఇలాంటి కథే. 2003 డిసెంబరులో మొదలైన ఆ విజ్ఞాన సర్వస్వంలో వ్యాసాలు లక్ష దాటాయి. ఆంధ్ర, తెలంగాణ ఊళ్లకు పేజీలు పెట్టడానికి అక్కడి వాళ్లు ఏళ్ల తరబడి పనిచేశారు. హోసూరు చుట్టుపక్కల ఊళ్ల గురించి, పర్లాకిమిడి తెలుగు వీధుల గురించి రాయాల్సింది మనమే. వేరేవాళ్లకు తెలిసే వీలు లేదు. అనువాద యంత్రాలకు వికీపీడియా రాత కూడా మేతే కాబట్టి, అక్కడ లేని ఊరి పేరు వాటి నోట సరిగా పలకదు.

ఒక జాగ్రత్త. గొంతును అనుకరించి డబ్బు గుంజే మోసాలు పెరిగిన రోజులివి. ఫోన్ చేసి గొంతు రికార్డు చేస్తామన్నవాళ్లకు ఇవ్వకండి. సేకర్తలు నేరుగా వస్తే సంస్థ పేరు, అంగీకార పత్రం చూడండి.

తెలుగు సంఘాలకు మేము చెప్పేది ఇది: ఉగాది వేడుకలకు వేసే కమిటీల్లో ఇద్దరిని ఈ పనికి కేటాయించండి. మీ జిల్లాలో వాణి సేకరణ జరిగిందో లేదో, అందులో తెలుగు ఉందో లేదో కనుక్కుని మాకు రాయండి. జిల్లాల వారీగా ఇక్కడే ప్రచురిస్తాం.