తిట్టిన మాట ఎఫ్ఐఆర్‌లో ఎందుకు కనబడదు?

2022లో నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి మారిన తడ ఆంధ్ర సరిహద్దు ఊరు. కొంచెం దాటితే తమిళనాడులోని ఆరంబాక్కం. అక్కడ బోర్డుల మీద లిపి మారుతుంది, పోలీసు స్టేషన్ భాష మారుతుంది. కులం మాత్రం రెండు వైపులా ఒకటే. పని కోసం మన వాళ్లు ఈ సరిహద్దుకు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు.

తడకు చెందిన ఒక దళిత మహిళను ఆరంబాక్కంలో పనిచోట అందరి ముందూ తమిళంలో కులం పేరుతో తిట్టారనుకుందాం. ఆమె తడ స్టేషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173 అందుకు అవకాశం ఇస్తుంది. ఈ జీరో ఎఫ్ఐఆర్ తర్వాత తమిళనాడుకు బదిలీ అవుతుంది. అంటే తమిళంలో పడిన తిట్టు తెలుగులో కాగితం ఎక్కుతుంది. మళ్లీ తమిళంలోకి మారుతుంది. హైకోర్టుకు వెళ్తే ఇంగ్లీషులోకి మారుతుంది.

మొదటి అనువాదకుడు స్టేషన్ రైటరే. ఆయన రాసేది చాలాసార్లు ఒకే వాక్యం: "కులం పేరుతో దూషించారు." ఏ మాట అన్నారో ఉండదు. కేసు బలహీనపడేది అక్కడే. నిందితుడు అన్న మాటలు ఎఫ్ఐఆర్‌లో లేకపోయినా, కనీసం చార్జిషీటులోనైనా ఉండాలని 2023లో రమేష్ చంద్ర వైశ్య కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మాట రాసినా చిక్కు తీరదు. "ఒసేయ్", "నువ్వు", "మీరు" అన్నీ ఇంగ్లీషులో ఒకే "యూ" అవుతాయి. అవమానం ఆ తేడాలోనే ఉంది. పరయర్ల కులం పేరు ఇంగ్లీషులో "పరయా"గా మారి వెలివేయబడినవాడు అనే అర్థంలో ప్రపంచమంతా తిరుగుతోంది. దాన్ని వాడేవాళ్లలో ఎంతమందికి అది ఒక దళిత సమాజం పేరని తెలుసు?

ఎరుకల వాళ్ల సంగతి ఇంకా కష్టం. ఇంట్లో వాళ్ల భాష వేరు. 2011 జనాభా లెక్కలు దాన్ని తమిళం కింద చేర్చాయి. ఆ లెక్కల్లో ప్రజలు 19,569 మాతృభాషల పేర్లు చెప్తే, పదివేల మందికి పైగా మాట్లాడేవిగా చివరికి చూపిన భాషలు 121. లెక్కల్లోనే విడిగా లేని భాషకు కోర్టులో దుబాసీని ఎవరు వెతుకుతారు?

చట్టంలో మనకు పట్టు ఉంది. అత్యాచార నిరోధక చట్టం సెక్షన్ 4 ప్రకారం, నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకున్నాక సంతకం తీసుకునే ముందు చదివి వినిపించాలి. ఈ విధిని కావాలని విస్మరిస్తే, ఎస్సీ, ఎస్టీ కాని అధికారికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలుశిక్ష ఉంది. 2015 సవరణతో వచ్చిన సెక్షన్ 15ఏ ప్రకారం ఈ కేసుల విచారణను వీడియో తీయాలి. అనువాదం తప్పినా గొంతు మిగులుతుంది.

అందుకే బాధితులతో స్టేషన్‌కు వెళ్లే విద్యార్థులను, కార్యకర్తలను మేము కోరేది ఇదే. తిట్టిన మాటను తిట్టిన భాషలోనే, ఉన్నది ఉన్నట్టుగా తెలుగు లిపిలో రాయించండి. అర్థం పక్కన రాయించండి. ఆ మాట మళ్లీ పలకడానికి బాధితురాలు సిగ్గుపడితే ధైర్యం చెప్పండి. సిగ్గుపడాల్సింది ఆమె కాదు. చదివి వినిపించేదాకా సంతకం పెట్టనివ్వకండి.