మద్యం మానడానికీ ఒక క్రమం ఉన్నది

కార్తిక మాసం వచ్చినదంటే మా పరవాడ ప్రాంతంలో అయ్యప్ప మాల ధరించేవారు అనేకులు. వారిలో నిత్యం మద్యం సేవించేవారు కూడా ఆ ఉదయం నుండే దానిని ముట్టరు. ఆ సంకల్పం వందనీయమే. కాని ఏళ్ళ తరబడి ప్రతిదినం అధికంగా త్రాగిన దేహం మద్యాన్ని ఒక్కసారిగా విడిస్తే ఏమవుతుందో కుటుంబీకులు తెలిసికొనవలెను.

మద్యం మెదడును మందగింపజేస్తుంది. దానిని ఎదుర్కొనడానికి మెదడు తన ఉద్రేకాన్ని పెంచుకొంటుంది. మద్యం హఠాత్తుగా ఆగితే ఆ ఉద్రేకానికి కళ్ళెం ఉండదు. తొలి 24 గంటలలోనే చేతుల వణకు, చెమటలు, వాంతులు, నిద్రలేమి మొదలవుతాయి. 48 గంటలలోపు కొందరికి మూర్ఛలు రావచ్చును. 2 నుండి 4 దినాల మధ్య జ్వరం, మతిభ్రమ, లేనివి కనిపించడం సంభవిస్తే అది ప్రాణాపాయస్థితి. దీక్షలో అపచారం జరిగినదనో, గాలి సోకినదనో కాలయాపన చేయరాదు.

అహితమైన అలవాటును ఒక్కసారిగా గాక, పాదం పాదంగా విడువవలెనని చరకసంహిత సూత్రస్థానం 7వ అధ్యాయం బోధిస్తున్నది. నేటి వైద్యుని పద్ధతీ ఇంచుమించు ఇదే. డయజిపామ్ వంటి ఔషధమిచ్చి, కొద్దిదినాలలో మోతాదును క్రమంగా తగ్గిస్తాడు. మెదడు దెబ్బతినకుండా థయమిన్ అనే బి1 విటమిన్ ఇస్తాడు. ఈ మందులను సొంతంగా కొని వాడరాదు.

మజ్జిగ, కొబ్బరినీరు, జావ నీరసానికి మేలు చేస్తాయి, మూర్ఛను ఆపలేవు. గృహవైద్యంపై గౌరవమున్నందువల్లనే దాని హద్దును చెప్పుచున్నాను. రోగికి తెలియకుండా అన్నంలో కలిపే చూర్ణాల జోలికి అసలే పోవద్దు.

41 దినాల దీక్ష ముగిసినంతమాత్రాన వ్యాధి ముగియదు. మాని ఉన్నవాడు తిరిగి అమితంగా త్రాగితే కలిగే ‘ధ్వంసకం’ అనే వికారాన్ని చరకుడు చికిత్సాస్థానం 24వ అధ్యాయంలో వర్ణించాడు. కనుక మాల తీసిన తరువాత కూడా వైద్యుని సలహా కొనసాగవలెను.

మాల వేయడానికి కొన్ని దినాల ముందే, ఎంత త్రాగుతున్నారో దాచకుండా వైద్యునికి చెప్పండి. మనకు విశాఖలో కింగ్ జార్జి ఆసుపత్రి, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నవి. సలహాకు 14446 నంబరున్నది. మూర్ఛ గాని మతిభ్రమ గాని కనిపిస్తే వెంటనే 108కి ఫోను చేయండి. త్రాగేవానిని నిందించడం సులభం; మానదలచినవానిని ప్రాణాలతో నిలుపుకొనడం మన కర్తవ్యం.