కావేరి నీళ్ళు వచ్చాయి, ఫ్లోరైడ్ పోయిందా?

ధర్మపురి జిల్లాలో తరతరాలుగా ఉంటున్న మన కుటుంబాలకు గారపళ్ళు కొత్త కాదు. తాతకున్నాయి, మనవడికీ వచ్చాయి, ఇది వంశంలోనే ఉందని సరిపెట్టుకున్నవాళ్ళం మనలో ఎందరో. అది వంశదోషం కాదు, బోరునీళ్ళలోని ఫ్లోరైడ్. నల్గొండను కుంగదీసిన విషమే ఇక్కడి రాతిపొరల్లోనూ ఉంది.

విషపదార్థాల మీద మన ప్రభుత్వాలకు చట్టాలు లేకపోలేదు. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం మురుగు వదిలే ఫ్యాక్టరీని పట్టుకుంటుంది. కానీ రాయి వదిలే విషానికి ఎవరికి నోటీసు ఇస్తారు? అందుకే ఇక్కడ ఎంచుకున్న దారి: మంచినీళ్ళు వేరేచోటి నుంచి తేవడం. జపాన్ రుణసాయంతో రూ.1,928 కోట్లకు పైగా ఖర్చుపెట్టి, ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు కావేరి నీళ్ళిచ్చే హొగెనకల్ పథకాన్ని 2008లో మొదలుపెట్టి 2013లో ప్రారంభించారు. ఇది నిజంగా మేలు చేసిన పని. దాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు.

అయితే పైపు వేయడంతో పని అయిపోదు. కావేరి నీళ్ళు చాలని రోజున అదే ట్యాంకులో బోరునీళ్ళు కలిపితే విషం మళ్ళీ కొళాయిలోకి వస్తుంది. రంగు మారదు, వాసన రాదు, ఎవరికీ తెలియదు. కాచినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 వరకు సరిపెట్టుకోవచ్చనీ భారత ప్రమాణం చెబుతోంది. మన వీధి నీళ్ళలో ఎంత ఉందో మనలో ఎందరికి తెలుసు?

జలజీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు ఆడవాళ్ళకు నీటి పరీక్షలో శిక్షణ ఇవ్వాలి. బొమ్మిడి చుట్టుపక్కల ఊళ్ళలో వాళ్ళెవరో కనుక్కుందాం. ట్యాంకు నీళ్ళ ఫలితం, బోరు ఫలితం విడివిడిగా బోర్డు మీద రాయమని గ్రామసభలో అడుగుదాం. తమిళంలో రాసినా సరే, మనవాళ్ళందరూ చదవగలరు. రాయడమే ముఖ్యం. అంతవరకూ చిన్నపిల్లలకు తాగడానికీ వంటకీ బోరునీళ్ళు వాడకుండా చూసుకుందాం. గార పట్టిన పన్నును పైపైన తెల్లగా చేయించుకోవచ్చు, వంగిన ఎముకను మాత్రం ఏ పథకమూ తిరిగి నిలబెట్టలేదు.