ఉపాధ్యాయుని ముచ్చట: మాహెబూర్ మొదలు సుయాక్ వఱకు



గడచిన సెలవుదినమున మా యూరినుండి నాలుగు కుటుంబములవారము కలిసి, ఒక వ్యానును బాడుగకు మాట్లాడుకొని, మారిషసు ద్వీపమున ఆగ్నేయ దక్షిణ తీరములందలి చిన్నపట్టణములను చూచి వచ్చితిమి. తెల్లవారకమునుపే పులిహోర మూటలు గట్టుకొని బయలుదేరి, దీపములు పెట్టువేళకు ఇల్లు చేరితిమి. మాతో వచ్చిన పిల్లలలో ఒక బాలిక యడిగిన ప్రశ్న నన్నిప్పటికిని విడువలేదు. అందుచేత ఈ మాసపు ముచ్చట దానినిగూర్చియే వ్రాయుచున్నాను.

మొదట మాహెబూర్ చేరితిమి. పూర్వపు ఫ్రెంచి గవర్నరైన మాహె ద లా బుర్దొనై పేరు ఈ పట్టణమునకు పెట్టబడినది. ఇక్కడ 1870వ సంవత్సరమునుండి కర్రపెండలపు పిండితో బిస్కత్తులు చేయు కార్ఖానా యొకటి కలదు. పిల్లలు ఆ బిస్కత్తులను నమలుచు సముద్రపుటొడ్డునకు నడచిరి. ఎదుటనున్న అఖాతములోనే 1810 ఆగస్టు మాసమున ఫ్రెంచివారికిని ఆంగ్లేయులకును ఓడలయుద్ధము జరిగెను. గాయపడిన ఫ్రెంచి సేనాని ద్యూపెరేకును, ఆంగ్ల సేనాని విల్లోబీకిని ఒకే యింటిలో చికిత్స చేసిరి. ఆ యిల్లే నేడు వస్తుప్రదర్శనశాల. 1744లో ఈశాన్యతీరమున పగిలిపోయిన సెంజెరాన్ అను ఓడ గంటయు అందులో భద్రముగా నున్నది. ఆ యుద్ధమున పడిన ఉభయపక్షములవారి జ్ఞాపకార్థము ఒడ్డున ఒక శిలాస్తంభము నిలిపియున్నారు.

ఆ స్తంభమును నేను పిల్లలకు వివరించుచుండగా ఆ బాలిక, "మాష్టరుగారూ, మా నాయనమ్మగారి తాత కూడ ఓడలోనే వచ్చినాడట. ఆయన పేరు ఏ రాతిమీద నున్నదండీ?" అని యడిగెను. పెద్దలమెవ్వరమును వెంటనే బదులు చెప్పలేకపోతిమి.

అక్కడనుండి చెరకుతోటల నడుమగా పోయి మధ్యాహ్నమునకు సుయాక్ చేరితిమి. ఇదియు ఒక ఫ్రెంచి గవర్నరు పేరే. ఇచ్చటి చిన్నరేవునుండి పూర్వము పంచదార బస్తాలు ఓడలకెక్కెడివి. ఆ బస్తాలలోని పంచదారకై చెరకు నరికినవారు మనవారే. ఊరి చివర గ్రి గ్రి అనుచోట కొండచరియపై నిలిచి సముద్రమును చూచితిమి. ద్వీపము చుట్టును చాలవఱకు పగడపుదిబ్బ గోడవలె నుండి కెరటముల బలమును విఱుచును. ఇక్కడ మాత్రము ఆ దిబ్బ లేదు. కెరటములు తిన్నగా వచ్చి బండలను కొట్టుచుండును. ఇచ్చట ఎవ్వరును స్నానమునకు దిగరాదు. మీరును పిల్లలతో పోయినయెడల చేయి విడువకుడు.

తిరుగుప్రయాణములో ఆ బాలికకు నేను చెప్పిన బదులిది. 1834 నవంబరు 2వ తేదిన ఒప్పందపు కూలీలతో 'అట్లాస్' అను ఓడ పోర్ట్ లూయీ రేవునకు వచ్చెను. అది మొదలు 1920 వఱకు సుమారు అయిదులక్షలమంది ఈ విధముగా దిగిరి. గోదావరి, విశాఖపట్టణ ప్రాంతములనుండి వచ్చిన మనవారిలో కొందరు కోరంగి రేవున ఓడయెక్కినవారు. దిగిన ప్రతివానికిని ఒక సంఖ్య నిచ్చిరి. గుమాస్తా తన చెవికి తోచినట్లు పేరు వ్రాసికొనెను. చాలమందికి ఇంటిపేరు జాఱిపోయి, తండ్రిపేరే ఇంటిపేరయ్యెను. వారు దిగిన రేవు నేడు ఆప్రవాసీ ఘాట్ అను పేర 2006నుండి ప్రపంచవారసత్వ స్థలముగా నున్నది. రాతిమీద లేకున్నను వారి పేర్లు పుస్తకములలో నున్నవి. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఆ చిట్టాలు భద్రపఱచియున్నారు. తండ్రిపేరు, ఊరు, ఓడపేరు మొదలగునవి వాటిలో వ్రాయబడియున్నవి. కొందరి ఛాయాచిత్రములును కలవు.

మరునాటి యుదయమున ఆ బాలిక బడికి ఒక కాగితపు ముక్క తెచ్చినది. నాయనమ్మ ట్రంకుపెట్టె అడుగున చీర మడతలో దాచిన పాత చీటినుండి వ్రాసికొని వచ్చిన సంఖ్య అది. అసలు చీటి అంచులను చెదలు తినివేసినవట. ఇంకొక వర్షాకాలము గడచినచో ఆ అంకెలును మిగిలియుండెడివికావు.

కావున అమ్మలారా, అయ్యలారా, నేటి రాత్రియే మీ యింటి పెద్దలను అడుగుడు. తాతపేరు, ఆయన తండ్రిపేరు, వచ్చిన ఊరు, ఓడ, మొదట పనిచేసిన తోట, ఇవి తెలిసినంతవఱకు వ్రాయించుకొనుడు. పాతచీటి యున్నచో దాని సంఖ్యను రెండుచోట్ల వ్రాసిపెట్టుడు. వ్రాత రానివారు మా బడికి రండు, నేనే వ్రాసిపెట్టెదను. ఓడ గంటను ఇన్నియేండ్లు కాపాడినారు గదా! మనవారి పేర్లను మనము కాపాడుకొనవలదా?

ఇట్లు,
మీ ఉపాధ్యాయుడు